సిరా కారిన బెడ్లు: వరిగడ్డి పుట్టగొడుగుల పాకలో ఒక కేసు

నేపథ్యం

గుంటూరులో నాకొక చిన్న స్పాన్ ల్యాబ్ ఉంది. జొన్నల మీద పుట్టగొడుగు విత్తనం తయారుచేసి రైతులకు ఇస్తాను. విత్తనం ఇచ్చిన రోజు నుంచి పంట చేతికొచ్చేదాకా వాళ్ల ఫోన్లు ఎత్తడం కూడా నా పనే అనుకుంటాను. చదివింది ప్లాంట్ పాథాలజీ, అంటే మొక్కల తెగుళ్ల శాస్త్రం కాబట్టి బెడ్లలో ఏ తేడా వచ్చినా ముందు నన్నే అడుగుతారు. ఈ కేసు తెనాలి వైపు ఒక ఊళ్లో జరిగింది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఈ రైతు ఒక మహిళ. ఆవిడ డ్వాక్రా లోను తీసుకుని ఇంటి వెనక తాటాకు పాక వేయించారు. అందులో పన్నెండు బెడ్లు. పెంచేది వరిగడ్డి పుట్టగొడుగు, అంటే వోల్వేరియెల్లా వోల్వేసియా. నా ఉద్దేశంలో డెల్టా ఊళ్లకు ఇంతకంటే నప్పే పుట్టగొడుగు లేదు. గడ్డి ఇంటి ముందే ఉంటుంది. బటన్ పుట్టగొడుగు తట్టుకోలేని 30–35 డిగ్రీల వేడి దీనికి హాయి. గడ్డిని కట్టలు కట్టి ఒక రాత్రంతా నానబెట్టి, అడ్డంగా నిలువుగా వరసలు పేర్చి, వరసకీ వరసకీ మధ్య విత్తనం, కాస్త శనగపిండి చల్లి, పాలిథిన్ కప్పుతారు. పది పన్నెండు రోజులకు గుండ్రటి తెల్ల బొడిపెలు లేస్తాయి. అవి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాక, పైపొర పగలకముందే కోసేయాలి.

మొదటి రెండు పంటలు బాగానే వచ్చాయి. మూడో పంట ఆగస్టులో వేశారు.

సమస్య

రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "సార్, కూరగాయల షాపాయన ప్యాకెట్లన్నీ వెనక్కి పంపేశాడు. లోపల సిరా ఒలికిందంటున్నాడు."

నేను వెంటనే అడిగింది, ఫ్రిజ్‌లో పెట్టారా అని. అలా అడగడానికి కారణం ఉంది. వరిగడ్డి పుట్టగొడుగు ఉష్ణమండలం జీవి. మిగతా కూరగాయల్లాగా దాన్ని 4 డిగ్రీల చలిలో పెడితే నిలవ ఉండకపోగా కణాలు దెబ్బతిని నీరు కారిపోతుంది. 15 డిగ్రీల దగ్గర ఉంచాలి. కొత్త షాపులవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే. షాపాయన ఫ్రిజ్‌లోనే పెట్టాడని తెలిసింది. చలి దెబ్బ అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆవిడ 'సిరా' అన్నారు. చలి దెబ్బకు కారేది గోధుమ రంగు నీళ్లు. సిరాలాంటి నలుపు కాదు. ఆ ఒక్క మాట దగ్గర ఆగి "ఏ రంగు?" అని అడిగి ఉంటే ఈ కేసు మూడు వారాల ముందే తేలిపోయేది. మనకు బాగా తెలిసిన కారణం ఒకటి చేతికి అందగానే, మిగతా లక్షణాలు చెవికి ఎక్కవు.

రెండు రోజులకు వాట్సాప్‌లో ఫోటోలు వచ్చాయి. బెడ్ల పక్కల్లో ఆకుపచ్చ మచ్చలు, పైన సన్నటి బూడిదరంగు గొడుగులు. కింద ఆవిడ మెసేజ్: "సార్, మీరిచ్చిన విత్తనంలోనే తేడా ఉందని మావారు అంటున్నారు."

చేసిన ప్రయత్నాలు, పోయిన పంట

ఆ మెసేజ్ చూసి టెన్షన్ పడ్డ మాట నిజం. విత్తనంలో పరాయి బూజు ఉంటే ఆ పాక ఒక్కటే కాదు, ఆ బ్యాచ్ తీసుకున్న మిగతా రైతులూ నష్టపోతారు. ప్రతి బ్యాచ్ నుంచి రెండు సీసాలు దాచి ఉంచడం నాకు అలవాటు. ఆ సీసాల్లో ఒకదాన్ని తీసి ల్యాబ్‌లో ఉడకబెట్టిన గడ్డి మీద వేశాను, ఇంకోదాన్నుంచి గింజలు తీసి అగార్ ప్లేట్ల మీద (బూజులు పెంచి చూసే జెల్లీ పళ్లేలు) పెట్టాను. అలా చూడకుండా విత్తనం మంచిదేనని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఫలితం వచ్చేదాకా ఊరికే ఉండకూడదని, ఫోటోలో కనిపించిన ఆకుపచ్చ మచ్చల మీద దృష్టి పెట్టాను. అది ట్రైకోడెర్మా. పుట్టగొడుగుల రైతులందరికీ తెలిసిన పచ్చ బూజు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు గడ్డి నానబెట్టే నీళ్లలో కార్బెండజిమ్ అనే బూజు మందు కలపడం మామూలే. ఆ పద్ధతే దీనికీ చెప్పాను. దాంతోపాటు నీళ్లు చల్లడం సగానికి తగ్గించమన్నాను, బెడ్లు తడిగా ఉండబట్టే ఈ పిచ్చి గొడుగులు లేస్తున్నాయనుకుని.

నాలుగో పంట అలాగే వేశారు. పచ్చ బూజు మచ్చ ఒక్కటి కూడా లేదు. ఆరో రోజుకల్లా పన్నెండు బెడ్ల మీదా తెల్లటి మొలకలు లేచాయి. ఈసారి పంట తొందరగా వచ్చిందని ఆవిడ సంతోషంగా ఫోన్ చేశారు. ఎనిమిదో రోజుకు పాక నిండా నల్లటి నీళ్లు. తడి తగ్గించడంతో అక్కడక్కడ వచ్చిన అసలు గుడ్లు కూడా చాలావరకు ఎండి ముడుచుకుపోయాయి. లోను కిస్తీ కట్టాల్సిన నెల అది. ఆ పంట నా సలహా మీద పోయింది.

అప్పుడు గానీ నేను బండి తీసి వాళ్ల ఊరు వెళ్లలేదు. మొదటి ఫోన్‌కే వెళ్లాల్సింది.

పేరు తేల్చుకోవడం

ఉదయం ఆరింటికి పాకలోకి వెళ్లాను. బెడ్డు మీద గొడుగులు గంట ఆకారంలో నిలబడి ఉన్నాయి. చిటికెన వేలంత పొడవు, బూడిద రంగు, పైన తెల్లటి పొలుసుల్లాంటి నూగు. ఒకదాన్ని పీకి కాండం మొదలు చూశాను. సంచి లేదు. వరిగడ్డి పుట్టగొడుగు గుడ్డులోంచి వస్తుంది కాబట్టి, విచ్చుకున్నాక ఆ గుడ్డు పెంకు చిరిగిన గిన్నెలాగా కాండం అడుగున మిగిలిపోతుంది. దాని శాస్త్రీయ నామంలోని 'వోల్వా' అంటే ఆ సంచే. ఇక్కడ అది లేనే లేదు.

అక్కడే కూర్చుని తొమ్మిదింటి దాకా చూశాను. గొడుగు అంచు ముందు నల్లబడింది. తర్వాత పైకి చుట్టుకుంటూ, చుట్టుకున్న మేరకు బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. పదిన్నరకు కాండం చివర నల్లటి ముద్ద మిగిలింది. నా రెండు వేళ్లు సాయంత్రం దాకా నల్లగానే ఉన్నాయి. ఇది కుళ్లడం కాదు. ఈ పుట్టగొడుగు తన కణాల గోడల్లోని కైటిన్ అనే గట్టి పదార్థాన్ని తానే ఎంజైములతో కరిగించుకుంటుంది. అంచు కరిగే కొద్దీ దాని పైన ఉన్న మొప్పల్లోని (గొడుగు కింద రేకుల్లా ఉండే మడతలు) స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు, గాలికి ఎగరడానికి దారి దొరుకుతుంది. అందుకే వీటికి ఇంగ్లీషులో ఇంక్ క్యాప్ అని పేరు. నేను సిరా గొడుగు అంటాను.

రెండు గొడుగులు కోసి, తెల్ల కాగితం మీద ఒకటి, నల్ల కాగితం మీద ఒకటి బోర్లించి స్టీలు గ్లాసులు మూసిపెట్టాను. వరిగడ్డి పుట్టగొడుగును ఒకదాన్ని కోయకుండా విచ్చుకోనిచ్చి దాన్నీ అలాగే పెట్టాను. మూడు గంటల తర్వాత గ్లాసులు తీస్తే సిరా గొడుగు తెల్ల కాగితం మీద కాటుక పూసినట్టు నల్లటి చక్రం గీసింది. వరిగడ్డి పుట్టగొడుగు కింద లేత గులాబీ రంగు పొడి. ఆవిడ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చూశారు. "రెండూ తెల్లగానే మొలుస్తున్నాయి కదండీ, లోపల ఇంత తేడానా?" అన్నారు.

మొప్పలున్న పుట్టగొడుగులను పందొమ్మిదో శతాబ్దంలో స్వీడన్‌కు చెందిన ఎలియాస్ ఫ్రీస్ గుంపులు గుంపులుగా విడదీసింది ప్రధానంగా ఈ స్పోర్ల రంగు మీదే: తెలుపు, గులాబీ, గోధుమ, నలుపు. గొడుగు రంగు ఎండకూ వానకూ వయసుకూ మారుతుంది. స్పోర్ల రంగు అంత తేలిగ్గా మారదు. ఇప్పుడు డీఎన్‌ఏ వచ్చి ఆ గుంపుల్లో చాలావాటిని తిరగరాసింది. సిరా కారేవన్నీ ఒకప్పుడు కోప్రినస్ అనే ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు). 2001లో దాన్ని విడగొట్టారు. అందులో కోప్రినస్ కొమాటస్ వెళ్లి బటన్ పుట్టగొడుగు కుటుంబంలో చేరింది. మన బెడ్డు మీదిది కోప్రినాప్సిస్ సినేరియా, వేరే కుటుంబం. వరిగడ్డి పుట్టగొడుగుది ఈ రెండూ కాని మూడో కుటుంబం, ప్లూటియేసి. అయినా పల్లెటూరి పాకలో నిలబడి నిర్ణయం తీసుకోవాలంటే ఈ రోజుకీ కాగితం, గ్లాసు చాలు.

ఆ గులాబీ రంగుకు ఇంకో విలువ కూడా ఉంది, ఈ కేసుతో సంబంధం లేకపోయినా చెప్పి తీరాలి. ప్రాణాలు తీసే డెత్ క్యాప్ కూడా గుడ్డులోంచే పుడుతుంది, దానికీ సంచి ఉంటుంది. ఆసియా నుంచి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లు దాన్ని మన వరిగడ్డి పుట్టగొడుగే అనుకుని వండుకుని చనిపోయిన సందర్భాలున్నాయి. దాని స్పోర్లు తెల్లగా ఉంటాయి. మన పిల్లలు ఎవరైనా ఆ దేశాల్లో ఉంటే, పార్కులో దొరికిన గుడ్డును కూరకు తీసుకోవద్దని చెప్పండి.

కార్బెండజిమ్ ఎందుకు తిరగబడిందో కూడా ఆ కాగితం దగ్గరే నాకు అర్థమైంది. ట్రైకోడెర్మా శిలీంధ్రాల్లో ఆస్కోమైసిటీస్ అనే వర్గానిది. కార్బెండజిమ్ ఆ వర్గం మీద బాగా పనిచేస్తుంది. గొడుగులు, మొప్పలు ఉన్నవి బసిడియోమైసిటీస్ అనే వేరే వర్గం. వాటిలో చాలావాటికి ఈ జాతి మందులు పెద్దగా అంటవు. ముత్యపు చిప్ప గడ్డిలో దాన్ని వాడుకోగలిగేది అందుకే, ప్రయోగశాలల్లో చెట్టుమీది పుట్టగొడుగులను విడిగా పెంచడానికి అగార్‌లో బెనోమిల్ అనే ఇదే కోవ మందు కలిపేదీ అందుకే. సిరా గొడుగు కూడా బసిడియోమైసిటే. అంటే నేను చేసిందేమిటి? దాంతో తిండికి పోటీపడే పచ్చ బూజును తుడిచేసి, గడ్డి మొత్తం దాని చేతికి ఇచ్చాను. ఈ వర్గాలను పరీక్షల కోసం బట్టీపట్టినవాణ్ణే. బెడ్డు ముందు నిలబడి 'ఇది ఏ వర్గం?' అని మాత్రం అడుక్కోలేదు.

ఈలోగా పక్కింటాయన వచ్చి అవి కూడా తినేవేనండీ, అమ్మేయొచ్చు అన్నాడు. వద్దన్నాను. లేతగా ఉన్నప్పుడు తినదగ్గ సిరా గొడుగులు ఉన్న మాట నిజమే. కానీ ఇదే ప్రజాతిలోని కోప్రినాప్సిస్ అట్రమెంటారియాలో కోప్రిన్ అనే పదార్థం ఉంటుంది. అది తిన్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి. విత్తనం వేయకుండా దానంతట అది మొలిచినదాన్ని కంటిచూపుతో జాతి చెప్పి జనానికి అమ్మకూడదు.

మామ్మగారి మాట

పేరు తెలిసింది. ఎందుకు వచ్చిందో తెలియలేదు. ల్యాబ్‌లో దాచిన సీసాలు శుభ్రంగా తేలాయి, అగార్ మీద వోల్వేరియెల్లా తప్ప ఇంకేదీ రాలేదు. ఆ మాట చెబితే ఆవిడ భర్త నమ్మీ నమ్మనట్టు తల ఊపారు.

అప్పటిదాకా అరుగు మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తున్న వాళ్ల అత్తగారు అన్నారు: "ఇవి పెంటకుప్ప మీద లేచేవి కదా బాబూ. మా చిన్నప్పుడు పొద్దున చూస్తే ఉండేవి, మధ్యాహ్నానికి కారిపోయేవి. ఇవి పాకలోకెందుకొచ్చాయి?"

ఈ కేసులో సరైన ప్రశ్న అడిగింది ఆవిడే. కోప్రినస్ అనే పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థం కూడా పేడే. గడ్డితోపాటు స్పోర్లు పశువు కడుపులోకి వెళ్లి, పేడతో బయటికొచ్చి మొలవడం ఈ గుంపులో చాలావాటి జీవిత విధానం. అంటే గేదెల కొట్టం పక్కన ఉన్న ఏ గడ్డిలోనైనా ఈ స్పోర్లు ఎప్పుడూ ఉంటాయి. మొదటి రెండు పంటల్లోనూ ఉండే ఉంటాయి. అప్పుడు గెలవనివి ఇప్పుడెందుకు గెలుస్తున్నాయి? పెంటకుప్పలో ఉండి మామూలు గడ్డిలో ఉండనిది ఏమిటి?

అమోనియా. జపాన్‌లో నవోహికో సగారా అనే పరిశోధకుడు అడవి నేల మీద యూరియా పోసి, తర్వాత అక్కడ ఏవి మొలుస్తాయో గమనించారు. అలా వరసగా లేచేవాటికి అమోనియా శిలీంధ్రాలని పేరు పెట్టారు. వాటిలో సిరా గొడుగు జాతులు ఉన్నాయి.

"మామ్మగారూ, ఈ గడ్డి ఎక్కడిదండీ?" అని అడిగాను. వామి చూపించారు. దగ్గరికి వెళ్లి గడ్డి లోపలికి చెయ్యి పెట్టి తీస్తే కళ్లు మండాయి. అప్పుడు ఆవిడ భర్త చెప్పారు. ఎండాకాలంలో గేదెల కోసం గడ్డికి యూరియా పట్టించారట. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, మూడు వారాలు కప్పి ఉంచే పద్ధతి. మేతకు అది మంచిదే, గడ్డిలో పోషకం పెరుగుతుంది. మిగిలిన గడ్డిని మళ్లీ అదే వామి మీద వేశారు. మూడో పంటకు వామిలోంచి తీసింది ఆ గడ్డే. గాబులో నీళ్లు మార్చకుండా పంట తర్వాత పంట నానబెట్టడంతో యూరియా కడుక్కుపోవడానికీ దారి లేదు. దానికి తోడు దిగుబడి పెరుగుతుందని ఎవరో చెబితే శనగపిండి రెట్టింపు చేశారు. బెడ్డు వేడెక్కగానే సూక్ష్మజీవులు యూరియాను అమోనియాగా మారుస్తాయి.

నా దగ్గర లిట్మస్ కాగితం లేదు. మామ్మగారు వంటింట్లోంచి పసుపు తెచ్చారు. తెల్ల గుడ్డముక్కను తడి పసుపులో ముంచి, గడ్డిని మూత ఉన్న డబ్బాలో కుక్కి, దాని మీద తాకకుండా వేలాడదీశాం. కాసేపట్లో గుడ్డ అంచులు ఎర్రబడ్డాయి. "సున్నం తగిలితే పారాణి అయినట్టే" అన్నారామె. అదే రసాయనం. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది.

తేల్చుకున్న పద్ధతి

అంతా సరిపోయినట్టే ఉంది. కానీ అప్పటికే రెండుసార్లు అలాగే అనిపించి పొరబడ్డాను. అందుకే పన్నెండు బెడ్లూ ఒకేసారి మార్చవద్దన్నాను. నాలుగు వెదురు గంపల్లో చిన్న బెడ్లు వేశాం, ఒకే సీసా విత్తనంతో. ఒకదాంట్లో వామి గడ్డి, రెట్టింపు పిండి. రెండోదాంట్లో వామి గడ్డి, పిండి లేకుండా. మూడోదాంట్లో పక్క ఊరి నుంచి తెచ్చిన మామూలు గడ్డి, ఎండు గడ్డి బరువులో నూటికి రెండు పాళ్లు పిండి. నాలుగోది కూడా పక్క ఊరి గడ్డే, కానీ మేమే కొంచెం యూరియా నీళ్లు చల్లాం.

నా నమ్మకమంతా నాలుగో గంప మీదే పెట్టుకున్నాను. అది నల్లబడకపోతే నా అమోనియా కథ తప్పని ఒప్పుకోవాలి. మొదటి గంపలో ఆరో రోజు సిరా గొడుగులు లేచాయి. రెండోదాంట్లో కొద్దిగా. నాలుగోదాంట్లో ఎనిమిదో రోజుకు లేచాయి. మూడో గంపలో ఏమీ రాలేదు. పదకొండో రోజున గుండ్రటి తెల్ల బొడిపెలు కనిపించాయి. ఒకదాన్ని నిలువుగా బ్లేడుతో కోసి చూపించాను. పెంకులాంటి పొర లోపల ముడుచుకున్న బుల్లి గొడుగు, కింద పొట్టి కాండం. సిరా గొడుగు మొలకను కోస్తే సన్నగా పొడుగ్గా ఉంటుంది, చుట్టూ సంచి ఉండదు. ఆ రోజు నుంచి ఆవిడ మొలక గుండ్రంగా ఉందా, సూదిలా ఉందా అని చూసి ఐదారు రోజులకే చెప్పేస్తున్నారు.

తర్వాత చేసిన మార్పులు పెద్ద ఖర్చువి కావు. పుట్టగొడుగుల గడ్డికి వేరే వామి, కొట్టానికి దూరంగా. వాడే ముందు రెండు రోజులు ఎండబెట్టడం. ప్రతిసారీ గాబు కడిగి కొత్త నీళ్లు. నానిన గడ్డిని డ్రమ్ములో ఆవిరి మీద 60–65 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచడం. ఆవిరి పట్టాక పాలిథిన్ తీసి వాసన చూసి, ముక్కు మండితే ఆ రోజు విత్తనం వేయకపోవడం. ఎక్కడైనా సూది మొలక కనిపిస్తే నల్లబడకముందే పీకి సంచిలో వేసి పాక బయటికి పంపడం. నల్లబడిందంటే ఆ చుట్టుపక్కల బెడ్లన్నిటి మీదా స్పోర్లు పడ్డట్టే. నీళ్లు చల్లడం మళ్లీ మామూలు స్థాయికి తెచ్చాం.

నా వైపు మారినవి కూడా రాయాలి. ఫోన్‌లో ఎవరైనా సమస్య చెబితే, ఇప్పుడు మందు పేరు ఎత్తను. ముందు మూడు ఫోటోలు అడుగుతాను: గొడుగు పైభాగం, మొప్పలు, మట్టితో సహా పీకిన కాండం అడుగు. వాటితోపాటు రాత్రంతా కాగితం మీద పెట్టిన స్పోర్ల ముద్ర. విత్తనం సీసాతోపాటు ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం కూడా ఇస్తున్నాను. గడ్డి ఎక్కడిది, ఎక్కడ నిలవ ఉంది, పశువులకు ఏమైనా పట్టించారా అనే ప్రశ్నలు విత్తనం ఇచ్చే రోజే అడుగుతున్నాను.

యూరియా పట్టిన గడ్డిని గేదెలే తిన్నాయి, అది వాటి కోసం చేసిందే కదా. పోయిన రెండు పంటలకు సరిపడా విత్తనం నేను డబ్బు తీసుకోకుండా ఇచ్చాను. ఆవిడ ఒప్పుకోలేదు, సగానికి డబ్బు కట్టారు. నవంబరు నుంచి చలి మొదలవుతుంది కాబట్టి పాకలో ముత్యపు చిప్ప వేశారు. ఫిబ్రవరి చివర్లో మళ్లీ వరిగడ్డి పుట్టగొడుగు వేసినప్పుడు నాకొక కవరు వచ్చింది. లోపల మడతపెట్టిన తెల్ల కాగితం, దాని మీద గులాబీ రంగు చక్రం కొంచెం చెదిరింది. వెనక పెన్సిల్‌తో "మూడో బెడ్డు, పదమూడో రోజు" అని రాసి ఉంది.